లారీ వెనక గార్డు సిమ్యులేషన్: ముగ్గురూ కలిసి చేసేముందు

చిరంజీవి అల్లుడికి, నీ జట్టుకు ఆశీస్సులు.

ఆగిన లారీ కిందికి కారు దూరిపోకుండా అడ్డుపడే గార్డు మీద కంప్యూటర్ సిమ్యులేషన్‌తో పనిచేస్తామన్నారు. కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ జాతీయ రహదారిలో రాత్రిపూట తిరిగినవాళ్లకు దాని అవసరం చెప్పక్కర్లేదు. సాల్వర్‌కు (ఢీని లెక్కించే ప్రోగ్రాముకు) డబ్బు పెట్టొద్దు, 2022లో బయటికొచ్చిన ఓపెన్‌రేడియోస్ ఉచితం. కారు మోడల్ కూడా మీరు కట్టొద్దు. జార్జ్ మేసన్ యూనివర్సిటీ అందరికీ ఇచ్చిన 2010 టయోటా యారిస్ తీసుకోండి. చాసిస్ (లారీ చట్రం) ఒకరిది, గార్డు ఒకరిది, అన్నిటినీ కలిపే మెయిన్ ఫైలూ, ఏ భాగం దేనికి తగులుతుందో చెప్పే కాంటాక్టులూ మూడోవాళ్లవి. ఆ ఫైలు మిగతా ఇద్దరూ ముట్టుకోవద్దు.

చెడేదంతా కలిపే దగ్గరే. యారిస్ మోడల్ మిల్లీమీటరు, టన్ను, సెకనులో ఉంటుంది. అందులో ఉక్కు సాంద్రత 7.85×10⁻⁹, యంగ్స్ మాడ్యులస్ (ఉక్కు బిగువు కొలత) 2,10,000. గార్డు చేసేవాడు కిలోగ్రాము, మిల్లీసెకను లెక్కలో 7.85×10⁻⁶, 210 రాసి పంపాడనుకో, సాల్వర్ కిక్కురుమనదు. గార్డు వెయ్యి రెట్లు బరువెక్కి, వెయ్యి రెట్లు మెత్తబడి నడుస్తుంది. 2400 మిల్లీమీటర్ల పొడవు, 100×100 చదరం, 3 మిల్లీమీటర్ల మందం గొట్టం సుమారు 22 కిలోలు. అవుట్‌పుట్‌లో 0.022 ఉండాలి. 22 కనిపిస్తే కిలోలే కదా అని మురిసిపోవద్దు, అవి టన్నులు!

మోడల్‌ను చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొడతారు, వాటి మూలల బిందువులే నోడ్‌లు. నోడ్ నంబర్లు ఢీకొనకుండా, కారులో వాడిన అతి పెద్ద నంబరుకు పైన ఒక్కొక్కరికి కోటి చొప్పున పంచుకోండి. 5 మిల్లీమీటర్ల ఉక్కు ఎలిమెంటుకు టైమ్‌స్టెప్ (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) ఇంచుమించు 1 మైక్రోసెకను, అంటే 150 మిల్లీసెకన్ల ఢీకి లక్షన్నర స్టెప్పులు. గార్డు మెష్‌లో (ఆ ముక్కల అల్లికలో) 1 మిల్లీమీటరు ముక్క ఒక్కటి మిగిలినా మొత్తం రన్ అయిదు రెట్లు సాగుతుంది. మాస్ స్కేలింగ్‌తో (చిన్న ముక్కల బరువు కృత్రిమంగా పెంచి టైమ్‌స్టెప్ పెంచడంతో) దాటేయడం నాకు నచ్చదు, మెష్ బాగుచేయండి.

ఎత్తు మరవొద్దు. ఇలాంటి గార్డులకున్న భారత ప్రమాణం ఐఎస్ 14812 ప్రకారం ఖాళీ లారీకి గార్డు కింది అంచు నేల నుంచి 550 మిల్లీమీటర్లు మించకూడదు. బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి దిగుతుంది కాబట్టి, దించిన భంగిమలోనూ ఒక రన్ చేయండి.

1100 కిలోల కారు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో వస్తే మొదటి గతిశక్తి సుమారు 133 కిలోజౌళ్లు. మొత్తం శక్తి గీత అక్కడే చదునుగా నిలవాలి. అవర్‌గ్లాస్ శక్తి (ముక్కలు నిజంలో లేనట్టు వంకర్లు పోకుండా ఆపడానికి సాల్వర్ వాడే శక్తి) అంతర్గత శక్తిలో పది శాతం దాటితే బొమ్మ ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

గార్డును చాసిస్‌కు రిజిడ్‌గా (ఏమాత్రం వదలకుండా) కట్టేస్తే బోల్టు ఎన్నటికీ తెగదు, గార్డు తనకు లేని బలం చూపిస్తుంది. బోల్టులకు తెగే హద్దు ఇచ్చాకే ఫలితం నాకు పంపండి.

మీ మామ