పిల్లలకు చరిత్రలో సొంతంగా ఆలోచించి రాయడం ఎలా నేర్పాలి?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సోషల్ మొత్తం గైడు చూసి బట్టీ కొడుతుంది, సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే ఏడుపే, ఏం చేయాలి అని అడిగారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా స్కూళ్లలో పద్దెనిమిదేళ్లుగా సోషల్ చెబుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ముందు ఆ గైడును అటకెక్కించండి. జవాబు చేతిలో పెట్టేశాక ఏ పిల్ల మాత్రం ఎందుకు ఆలోచిస్తుంది?

నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లల్ని చంద్రగిరి కోటకు తీసుకెళ్లాను. మ్యూజియం చూసి, పులిహోర తిన్నాక రాజమహల్ ఎదురుగా చెట్టు కింద కూర్చోబెట్టి, విజయనగర రాజులు ఇక్కడికి ఎందుకొచ్చారు అని అడిగాను. అందరూ ఒకే గొంతుతో, "తళ్లికోట యుద్ధంలో ఓడిపోయారు కాబట్టి సార్!" పుల్ల తీసుకుని మట్టిలో 1565 అని రాశాను. ఆ యుద్ధంలో విజయనగరాన్ని నడిపిస్తున్న రామరాయలు చనిపోతే తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ చేరి దాన్నే రాజధాని చేసుకున్నాడు. దాని పక్కనే 1586 అని రాశాను, తిరుమలరాయల కొడుకు వేంకటపతి రాయలు గద్దెనెక్కిన ఏడు. చంద్రగిరి రాజధాని అయింది ఆయన కాలంలో. ఓడిపోయినందుకే వచ్చుంటే మరి ఇరవై ఏళ్లకు పైగా ఎందుకు ఆగినట్టు?

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక కూర్చున్న ఒకడు, పరీక్షల్లో ఎప్పుడూ పది మార్కులు దాటనివాడు, లేచి "సార్, మా తాత ఈ కొండ మీదికే మేకలు తోలేవాడంట. పైన నిలబడితే దావంతా కనపడుతుందంట. ఎవురొచ్చినా ముందే తెలిసిపోతుంది, అందుకే వచ్చుంటారు" అన్నాడు. వెంటనే ముందు వరసలోంచి ఒక అమ్మాయి, "పెనుగొండ కూడా కొండే కదరా, పేరులోనే ఉంది!" వాడు నా వైపు చూశాడు. గోల్కొండ సుల్తాను సైన్యం పెనుగొండ దాకా వచ్చి ముట్టడించింది అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. కాసేపు ఆలోచించి, "అయితే కొండ కాదు సార్, దూరం" అన్నాడు. ఇంకొకడు, తిరుమల దగ్గర కాబట్టి అన్నాడు. ఆ మాటా కొట్టిపారేసేది కాదు, వేంకటపతి రాయల నాణేల మీద వేంకటేశ్వరుడి పేరే ఉంటుంది.

మర్నాడు ఆ మేకల తాత మనవడు రాసిచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అయిదే లైన్లు, నిండా అక్షరదోషాలు. "కొండ కోసం వచ్చారు అనుకున్నా. పెనుగొండ కూడా కొండే. కాబట్టి నా మాట సగమే నిజం." పద్దెనిమిదేళ్లలో ఇంతకన్నా మంచి జవాబు నేను దిద్దలేదు.

అదే పిల్లాడు తర్వాత ఒక పరీక్షలో ఇదే పద్ధతిలో రాస్తే ఎనిమిదికి రెండు మార్కులు వేశారు. పాయింట్లవారీగా లేదట, హెడ్డింగుల కింద గీతల్లేవట. స్కెచ్ పెన్ను గీతలకు మార్కులేసే ఈ అలవాటు మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. బిట్ పేపర్ల సంగతి ఎత్తితే ఇక తెల్లారిపోతుంది.

మీది తిరుపతే అన్నారు కదా, చంద్రగిరి ఎంత దూరం? ఆదివారం బస్సెక్కి పాపను తీసుకెళ్లండి. ఈ రెండు సంవత్సరాలే చెప్పి, మధ్యలో ఏం జరిగి ఉంటుందని అడగండి. తను ఏం చెప్పినా, దానికి ఎదురుగా నిలిచే విషయం ఒకటి తననే వెతకమనండి. ఇంటికొచ్చాక అయిదు లైన్లు రాస్తే చాలు. అక్షరదోషాలు ఆ రోజుకి దిద్దకండి.