రక్తం మాత్రలు వాడుతున్నా రక్తం పట్టడం లేదా?

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. జీడితోటలో కూలికెళ్తుంది, కాళ్లకు చెప్పులుండవు. హిమోగ్లోబిన్ 7.2. మూడు నెలలుగా రక్తం మాత్రలు మింగుతున్నా పెరగలేదు. మోషన్ పరీక్షలో పురుగుల్లేవన్నారు. ఇంకేం చూపించాలి?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: ఆ ఒక్క రిపోర్టు చూసి, పేగులో రక్తం తాగే కొంకి పురుగులు (హుక్‌వర్మ్) లేవనుకోకండి. మామూలు పరీక్షలో అగ్గిపుల్ల మొనకు అంటినంత మలమే గాజు స్లైడు మీద పెట్టి చూస్తారు. గుడ్లు తక్కువగా ఉంటే దొరకవు. నమూనా మర్నాటి దాకా బయటే ఉంటే మన ఎండలకు గుడ్లు పొదిగి లార్వాలు (పిల్ల పురుగులు) అవుతాయి, వాటిని వేరే పురుగువని పొరబడే వీలుంది. అందుకని వెడల్పు మూతి పొడి డబ్బాలో, మూత్రం, నీళ్లు కలవకుండా ఉసిరికాయంత తీసి, గంటా రెండు గంటల్లో ల్యాబుకు చేర్చండి. రోజు విడిచి రోజు మూడుసార్లు ఇవ్వండి. ‘కాన్సన్‌ట్రేషన్ పద్ధతిలో (గుడ్లను ఒకచోటికి చేర్చి) చూడండి’ అని అడగండి.

ఈ పురుగు సెంటీమీటరుంటుంది, అంతే. చిన్నపేగు గోడను కరిచి రక్తం తాగుతుంది. చోటు మార్చాక కూడా పాత గాటు నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. ఒక జాతి పురుగులు వందుంటే రోజుకు 3 మి.లీ., మరో జాతివైతే 15 మి.లీ. పైనే పోతుంది. కుండకు చిల్లి ఉండగా నీళ్లు పోస్తే నిలుస్తాయా!

గుడ్లు కనిపిస్తే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒకటి నమిలి మింగాలి. మాత్ర వేసుకున్నాక పురుగులు పడలేదని చాలామంది దిగులు పడతారు. అంత చిన్నవి మలంలో కలిసిపోయి కంటికి ఆనకపోవచ్చు. రెండు మూడు వారాలకు మళ్లీ మోషన్ చూపించండి. గుడ్లు మిగిలితే డాక్టరు మళ్లీ మందిస్తారు. ఐరన్ మాత్రలు మానొద్దు. టీకి, మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ నెలకు కనీసం 1 గ్రాము పెరగాలి. మామూలుకొచ్చాక మరో మూడు నెలలు వాడాలి.

ఒకటి మాత్రం మరవొద్దు. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో రక్తహీనతకు కిడ్నీ జబ్బూ కారణం కావచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, నెలసరి ఎక్కువవుతోందేమో డాక్టరుకు చెప్పండి. 7.2 అంటే చాలా తక్కువే. ఆయాసం, కాళ్ల వాపు ఉంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మలంతో నేలలో పడ్డ గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు జీడి, కొబ్బరి తోటల నీడన తడి ఇసుకలో మూడు నాలుగు వారాలు బతుకుతాయి. కాలి వేళ్ల సందుల్లోంచి ఒంట్లోకి దూరతాయి కాబట్టి హవాయి చెప్పుల కన్నా మూసిన బూట్లు మేలు. ఆరుబయట మలవిసర్జన ఆగకపోతే మాత్ర వేసినా పురుగులు మళ్లీ పట్టుకుంటాయి.

ప్రశ్న: కోడలికి మూడో నెల. నులిపురుగుల మాత్ర వేయొచ్చా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఇప్పుడొద్దు. మొదటి మూడు నెలలు దాటాక, ఏఎన్ఎం గానీ డాక్టరు గానీ చెప్తే ఒక్క 400 మి.గ్రా. మాత్ర వేయొచ్చు. స్కూలు పిల్లలకిచ్చే మాత్రా అదే, అలాగని వాళ్ల మాత్ర తెచ్చి ఇప్పుడే వేసెయ్యకండి.