కర్నూలు, కడప పల్లెల్లో పేదలకు మూలికా వైద్యం అందాలంటే ఏం చేయాలి?

ముందు ఉచితంగా దొరికేదాన్ని వాడుకోవాలి. ప్రభుత్వ ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటి వైద్యాల) డిస్పెన్సరీల్లో డాక్టర్ చూస్తారు, మందులకు డబ్బు తీసుకోరు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తిప్పతీగ, తులసి ఎలాగూ పెరట్లో పెరుగుతాయి.

చిక్కంతా అడవి సరుకుతోనే. మన నన్నారి షర్బత్‌నే తీసుకోండి. దానికి కావలసినవి నన్నారి మొక్క వేర్లు. మొత్తం తవ్వేస్తే మొక్క మళ్లీ రాదు, కొంత మట్టిలో వదలాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు నల్లమల చెంచులకు ఉంది. వాళ్లకు సరైన ధర ఇవ్వకుండా పట్నంలో సీసాలు అమ్ముకోవడం నాకైతే నచ్చదు.

పాము కరిస్తే మాత్రం పసరు మందు వద్దు, నేరుగా పెద్దాసుపత్రికే. షుగర్, బీపీ మాత్రలు ఆపేసి కషాయం తాగమనేవాళ్లనూ నమ్మకండి.