పట్ట కప్పిన తర్వాత ఇరవై ఏళ్ళు

కావలి

నాయనా,

నీ స్క్రిప్టు చదివాను. ప్రకాశం జిల్లా కొండపి కుర్రాడు పదిహేనేళ్ళ వయసులో ఒక రాత్రి పొగాకు బేళ్ల మీద పట్ట కప్పకుండా నిద్రపోతాడు. ముప్పై అయిదో ఏట, పట్ట కప్పి ఉంటే దక్కేదనుకున్న బతుకులో కళ్ళు తెరుస్తాడు. మంచి కథ. కానీ శ్రమంతా ఆ రాత్రి మీద పెట్టి, తర్వాతి ఇరవై ఏళ్ళు గాలికొదిలేశావు. ఈ రకం కథ నిలిచినా కూలినా ఆ ఇరవై ఏళ్ళలోనే.

నీకు నచ్చిన ‘మిస్టర్ డెస్టినీ’ (1990) మళ్ళీ చూడు, ఈసారి పక్కన కాగితం పెట్టుకుని. లారీ పదిహేనేళ్ళప్పుడు స్కూలు బేస్‌బాల్ పోటీలో కొట్టాల్సిన బంతి కొట్టలేకపోతాడు. ముప్పై అయిదో పుట్టినరోజున మైకేల్ కెయిన్ వేసిన బారు మనిషి అతన్ని బంతి కొట్టిన బతుకులోకి పంపిస్తాడు. యజమాని కూతురు భార్య, కంపెనీ అధ్యక్ష పదవి, పెద్ద ఇల్లు. ఇక్కడ గమనించాల్సింది ఆ వైభవం కాదు. లారీకి పాత బతుకంతా గుర్తుంది, కొత్త బతుకు గతం మాత్రం తెలియదు. తను ఎవరిని ఏడిపించాడో, ఎవరితో తిరిగాడో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుసు, తనకే తెలియదు. నవ్వూ భయమూ రెండూ అక్కడే పుడతాయి. నీ హీరోకేమో ముప్పయ్యో పేజీలోనే స్నేహితుడు కూర్చోబెట్టి అంతా చెప్పేశాడు. ఆ పేజీ నుంచి నవ్వు ఎండిపోయింది. ఆ సీను తీసెయ్యి. తెలియాల్సినవి ఒక్కొక్కటే, ఇబ్బంది పెడుతూ తెలియాలి.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అతను లేచిన మొదటి ఉదయం చూద్దాం. వంటమనిషి వచ్చి, “మామూలేనా సార్?” అంటుంది. అతనికి ఏం మామూలో తెలియదు, అవునంటాడు. ఉప్పు లేని రాగిజావ, పళ్ళెం పక్కన మూడు మాత్రలు వస్తాయి. షుగరూ బీపీ ఉన్నాయని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత రోడ్డు మీద టీ తాగుతాడు. వేలు పెడితే ఫోను తెరుచుకుంటుంది, వేలు అదే కదా. డబ్బు పంపడానికి పిన్ను అడిగితే మాత్రం దిక్కు తోచదు. కోట్ల మనిషి పది రూపాయలకు అరువు చెప్పాలి. 1990 సినిమాకు లేని సౌకర్యం ఇది, వాడుకో.

ఇప్పుడు అసలు పని. పొడుగు నోటుబుక్కులో రెండు గళ్ళు గీయి. ఎడమ గడిలో 2005 నుంచి 2025 దాకా పాత బతుకు, కుడి గడిలో కొత్త బతుకు, ఏడాదికో వరుస. ప్రతి వరుసలో హీరో ఏం చేశాడో, దానివల్ల ఎవరు బాగుపడ్డారో, ఎవరు చెడిపోయారో రాయి. ఇందులో సినిమాలోకి పదోవంతు కూడా రాదు, అయినా రాయాలి. నీ హీరో చెల్లెల్నే తీసుకో. పాత బతుకులో అతను చదువు మానేసి, కూలికెళ్ళి ఆమెను నర్సింగ్ చదివించాడు. కొత్త బతుకులో తండ్రి చేతిలో డబ్బుంది, పెద్ద సంబంధం వచ్చింది, పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశాడు. పట్ట కప్పినందుకు మూల్యం చెల్లించింది ఆ పిల్ల. నీ స్క్రిప్టులో ఆమె రెండు బతుకుల్లోనూ ఒకే చీరలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. హీరో వెనక్కి రావాలనుకోవడానికి ఇంతకంటే గట్టి కారణం దొరకదు. ‘మిస్టర్ డెస్టినీ’లో పాత భార్య ఎలెన్ కొత్త బతుకులో లారీని చూస్తేనే మండిపడే యూనియన్ మనిషి. డబ్బు విసుగు పుట్టి ఎవరూ వెనక్కి రారు, ఇలాంటి మనిషి కోసం వస్తారు.

మలుపు బరువు కూడా చూసుకో. ఒక బేలు నో బిడ్ అయితే, అంటే వేలంలో ఎవరూ పాడకపోతే, సంసారం తలకిందులు కాదు. రైతు దాన్ని వెనక్కి తీసుకెళ్ళి మరోసారి వేలానికి తెస్తాడు. కొండపిలో నీ సినిమా చూసేవాళ్ళు మొదట పట్టుకునేది ఇదే. మే నెల గాలివానకు ట్రాక్టరు లోడంతా తడవాలి, ఆకుకు బూజు పట్టాలి, ఆకు కాల్చే బ్యారన్‌కు వడ్డీకి తెచ్చి పెట్టిన ఖర్చు మీద పడాలి. అప్పుడు నమ్ముతారు. పట్ట కప్పినా కప్పకపోయినా వాన మాత్రం కురవాల్సిందే. హీరో చెయ్యి ఎంతదాకా చేరుతుందో అంతే మారాలి. కందుకూరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి ప్రకాశంలోకి, 2022లో మళ్ళీ నెల్లూరులోకి మారింది. ఇది రెండు బతుకుల్లోనూ ఒకటే. తాత 1980లో వేలం కేంద్రానికి వెళ్ళినట్టు రాశావు. ఆంధ్రలో పొగాకు వేలం 1985లో మొదలైంది, సరిచెయ్యి.

కొలతల సంగతి. పేజీకి నిమిషం లెక్కన 110 పేజీల స్క్రిప్టులో వాన రాత్రి పదో పేజీలోపు రావాలి, ముప్పయ్యోదానికల్లా కొత్త బతుకులో ఉండాలి, తొంభై అయిదు దాటేదాకా బయటికి రానివ్వకు. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో నాయకుడు పుట్టని లోకం చివరి అరగంటలోనే వస్తుంది, ఎందుకంటే అక్కడ కథంతా మొదటి బతుకుది. నీది రెండో బతుకు కథ, ఆ అమరిక దీనికి పనికిరాదు.

హీరోను కొత్త బతుకులోకి పంపడానికి నువ్వు పెట్టిన యముణ్ణి తీసెయ్యి. మన ప్రేక్షకులకు యముడంటే చావు లెక్క, నీ కథలో ఎవరూ చావలేదు. వేలం కేంద్రం బయట టీ కొట్టు ముసలాయన నీ దగ్గర ముందే ఉన్నాడు, ఆ పని ఆయనకు అప్పగించు. నియమాలు మాత్రం ఆయన చేత చెప్పించకు.

రెండు గళ్ళ నోటుబుక్కు పూర్తయ్యాక దాన్నే ముందు పంపు. మార్చిన సీన్లు తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో.