చెయ్యి పట్టుకుని నేర్పిస్తే వస్తోంది, వదిలితే రావడం లేదు… ఎందుకని?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. చెయ్యి పట్టుకుంటే చెంచాతో బాగానే తింటాడు. వదిలేస్తే చెయ్యి వేలాడేస్తాడు, ఒక్కోసారి విసురుగా వెనక్కి లాక్కుంటాడు. ఏడాదిగా ఇంతే. మేం నేర్పే పద్ధతి తప్పా?

జవాబు: చెయ్యి పట్టుకోవడం తప్పు కాదు. ఏడాదైనా ఆ పట్టు సడలకపోవడమే ఇబ్బంది. చెంచా ఎంత వంచాలి, ఎంత బలం పెట్టాలి అన్న లెక్కంతా మీ మెదడే వేస్తోంది. కదలికను తానే మొదలుపెట్టి, తప్పితే తానే దిద్దుకునే అవకాశం బాబుకి దొరకడం లేదు. నేర్చుకోవడమంతా అందులోనే ఉంది.

ముందు పాదాలు నేలకో పీటకో ఆనేలా, బల్ల మోచేతి ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టండి. మీరు ఎదురుగా కాకుండా వెనక కూర్చుంటే ఇద్దరి చేతులూ ఒకే దిశలో కదులుతాయి. లావు పిడి ఉన్న పొట్టి చెంచా, దానికి అంటుకునే చిక్కటి ఆహారం తీసుకోండి.

చివరి నుంచి మొదలుపెట్టండి. చెంచా మీరే నింపి, కలిసి ఎత్తి, నోటికి రెండంగుళాల దూరంలో వదిలేయండి. ఆ రెండంగుళాలూ తనే పూర్తిచేయాలి. అది కుదిరాక గిన్నె వైపు దూరం పెంచుతూ రండి. చెంచా నింపడానికి మణికట్టు తిప్పాలి, అది కష్టం కాబట్టి ఆఖరున నేర్పండి. మీ పట్టు కూడా వేళ్ల నుంచి మణికట్టుకి, ముంజేతికి, చివరికి మోచేతి కింద రెండు వేళ్ల ఆసరాకి జరగాలి. ముట్టుకునే ముందు ప్రతిసారీ 5 నుంచి 10 సెకన్లు ఆగండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. కాస్త ఒలికినా ఒలకనివ్వండి.

చెయ్యి లాక్కుంటే వెంటనే వదిలేయండి. అది 'వద్దు' అని చెప్పడమే. తర్వాత మీ చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండేలా చూడండి. ఇష్టం లేకపోతే తీసేసుకోగలడన్న ధీమా తనకుంటుంది. వేలికొసలతో తాకితే కొందరు పిల్లలకి చిరాకు, అరచేతిని నిలకడగా ఆనించండి. చెయ్యి పట్టి గుంజడం మాత్రం వద్దు, ఐదేళ్లలోపు పిల్లల్లో మోచేతి ఎముక పట్టు తప్పే ప్రమాదం ఉంది.

నాలుగేళ్లకి చెంచా రాలేదంటే పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించాల్సిందే. ఆక్యుపేషనల్ థెరపిస్టు (తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పే నిపుణులు) సాయమూ అవసరం కావచ్చు. ఒక చెయ్యే బలహీనంగా ఉన్నా, బిగుసుకున్నా, తింటుంటే పొలమారుతున్నా, ఇదివరకు వచ్చిన పనులు మరిచిపోతున్నా అస్సలు ఆలస్యం చేయకండి.