టెక్ సందేహాలు: సంతకం లేని టోకెన్‌తో లాగిన్ అయిపోతారా?

సందేహం: మా చిన్న కంపెనీ బిల్లింగ్ యాప్‌కి సర్వర్‌ను నోడ్ జేఎస్‌లో రాశాం. లాగిన్ టోకెన్లను తయారుచేసి సరిచూసే జేసన్‌వెబ్‌టోకెన్ లైబ్రరీ 8.5.1 వెర్షన్ వాడుతున్నాం. వాడే లైబ్రరీల్లో లోపాలు వెతికే ఎన్‌పీఎం ఆడిట్ నడిపితే అందులో సెక్యూరిటీ లోపాలున్నాయని చూపిస్తోంది. యాప్ బాగానే నడుస్తోంది. అప్‌డేట్ చేస్తే ఏది ఆగిపోతుందోనని టెన్షన్. ఇలాగే ఉంచవచ్చా? కస్టమర్లను పాస్‌వర్డ్‌లు మార్చుకోమని చెప్పాలా?

జవాబు: ఉంచకండి. ఈ లోపాలను సరిచేసిన 9.0.0 వెర్షన్ 2022 డిసెంబరులోనే వచ్చింది.

లాగిన్ అయిన యూజర్‌కి మీ సర్వర్ గుర్తింపు చీటీలా ఇచ్చే టోకెన్‌లో హెడర్, యూజర్ వివరాలు, సంతకం అని మూడు ముక్కలుంటాయి. మొదటి రెండింటినీ ఎవరైనా విప్పి చదవొచ్చు, మార్చి రాయొచ్చు. కాపాడేది సంతకం ఒక్కటే. చిక్కేమిటంటే, ఆ సంతకాన్ని ఏ పద్ధతిలో సరిచూడాలో కూడా ఆ హెడర్‌లోనే ఉంటుంది. అక్కడ 'నన్' (none) అని రాస్తే సంతకమే లేదని అర్థం. టికెట్ ఎలా చెక్ చేయాలో కండక్టర్ ప్రయాణికుణ్నే అడిగితే ఎలా ఉంటుంది? అలా ఉంది ఇది. చాలా లైబ్రరీలు హెడర్ మాటను గుడ్డిగా నమ్ముతున్నాయని సెక్యూరిటీ పరిశోధకుడు టిమ్ మెక్‌లీన్ 2015లోనే బయటపెట్టారు.

8.5.1లో ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. టోకెన్‌ను సరిచూసే వెరిఫై ఫంక్షన్‌కి అల్గారిథమ్ (సంతకం పద్ధతి) ఏదో మీరు చెప్పకపోయి, సంతకాన్ని సరిచూసే కీ కూడా ఖాళీగా వెళ్తే, సంతకం లేని టోకెన్‌ను అది ఒప్పేసుకుంటుంది. కీ ఖాళీగా ఎందుకు వెళ్తుందని మీకు అనిపించవచ్చు. హెడర్‌లోని కీ ఐడీని బట్టి కీని వెతికి తెచ్చే కోడ్ చాలామంది రాస్తారు. దొంగ అసలు లేని ఐడీ ఒకటి రాసి పంపుతాడు. మీ కోడ్‌కి ఏమీ దొరకదు, ఎర్రర్ ఇవ్వకుండా ఖాళీ విలువను అందిస్తుంది. వాడు అడ్మిన్‌నని రాసుకుంటే అడ్మినే! నిజమైన యూజర్ల లాగిన్‌కి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి మీకు అనుమానమే రాదు. నన్ను బాగా భయపెట్టేది ఇదే.

అప్‌డేట్‌తో ఆగిపోగలిగేవి కొద్దే. నోడ్ వెర్షన్ కనీసం 12 ఉండాలి. ఆర్‌ఎస్256 అనే సంతకం పద్ధతి వాడుతుంటే కీ 2048 బిట్లకు తగ్గకూడదు. పాత 1024 బిట్ల కీ ఉంటే కొత్తది చేసుకోండి. చిన్న కీలను అనుమతించే ఆప్షన్ ఉంది గానీ, దాని జోలికి వెళ్లొద్దు. ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూడండి.

అప్‌డేట్ చేసినా, వెరిఫై పిలిచే ప్రతిచోటా అల్గారిథమ్ పేరు మీరే రాయండి. హెచ్‌ఎస్256 అనే పద్ధతి వాడుతుంటే అదొక్కటే రాయండి. తర్వాత కోడ్ మొత్తంలో 'డీకోడ్' అని వెతకండి. ఆ ఫంక్షన్ టోకెన్‌ను విప్పుతుందే తప్ప సంతకం చూడదు. లాగిన్ తనిఖీకి ఎవరైనా దాన్ని వాడి ఉంటే ఏ అప్‌డేటూ కాపాడలేదు.

ఇక పాస్‌వర్డ్‌ల సంగతి. నకిలీ టోకెన్ చేసేవాడికి పాస్‌వర్డ్‌తో పనే లేదు, అందుకే కస్టమర్లు వాటిని మార్చుకున్నా ఈ లోపం ఆగదు. దానికి బదులు అడ్మిన్ ఖాతాల నుంచి జరిగిన మార్పుల రికార్డు తీసి, మీ సిబ్బంది చేయనివి ఏమైనా ఉన్నాయేమో ఈ రోజే చూడండి.