బడి ఎదుట సిగరెట్లు: వాణిజ్య ఒప్పందం అడ్డు రాదు

మాస్టారూ, చీపురుపల్లిలో మీ బడి ఎదుటి కొట్టతను "ఇది విదేశీ సరుకు, వాణిజ్య ఒప్పందం ఉంది, ఆపితే మీ మీదే కేసు" అన్నాడని రాశారు. భయపడకండి, ఆ మాటలో పస లేదు.

2003 నాటి మన పొగాకు చట్టం ఆరో సెక్షను ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల ఏ పొగాకు సరుకూ అమ్మకూడదు. మన వైపు చుట్టలూ అందులోకే వస్తాయి. దేశీ, విదేశీ అన్న తేడా లేదు, మన బలమూ అదే. ఇండోనేషియా లవంగ సిగరెట్లను ఆపి, తన సొంత మెంథాల్ సిగరెట్లను వదిలేసినందుకే అమెరికా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర ఓడింది. అన్ని బ్రాండ్లకూ ఒకే సాదా పెట్టె తప్పనిసరి చేసిన ఆస్ట్రేలియా 2020లో అప్పీలులోనూ గెలిచింది. చిన్న దేశమైన ఉరుగ్వే మీద సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ వేసిన కేసు 2016లో వీగిపోయింది.

మా వీధిలోనూ పిప్పరమెంట్ల సీసా పక్కనే సిగరెట్ పెట్టె, తాడుకు వేలాడే లైటరు, సరిగ్గా పిల్లల కంటి ఎత్తున. చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

దూరాన్ని గేటు నుంచి కాకుండా ప్రహరీ బయటి అంచు నుంచి కొలవండి. ఫోటో తీసి, పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అంతకన్నా ముందు నిషేధం బోర్డు పెట్టించండి, ఆ బాధ్యత బడిదే.